పదకొండో చొక్కా

"చొక్కా సరిగ్గా చూసుకుని, మీ తమ్ముడిదే అనుకున్నాక ఇక్కడ సంతకం పెట్టండమ్మా, సారు నాలుగింటికి వస్తారు" అని స్టేషన్ రైటరు కవరు విప్పి, చొక్కా తీసి నా ముందు బల్లమీద పెట్టి, మళ్ళీ తన రాతలో పడిపోయాడు. గోడ గడియారంలో మూడు దాటి అయిదు నిమిషాలైంది. చూసుకోవడానికి ఏముంది, కళ్ళు మూసుకుని తడిమి చెప్పగలను, గుడ్డ తెచ్చింది నేను, కత్తిరించింది నేను, కాజాలు కుట్టింది నేను, బూడిదరంగు మీద సన్న నీలం గళ్ళు, జేబు దగ్గర గళ్ళు ఒక్క నూలుపోగు కూడా తేడా రాకుండా కలిశాయి, ఈ ఊళ్ళో జేబు గళ్ళు కలిపి కుట్టేవాళ్ళు ఇంకెవరున్నారో చూపించమనండి. అయినా ఎవరు మడతపెట్టారు దీన్ని ఇలా, కాలరు నలిగిపోయింది, ఒక చెయ్యి లోపలికీ ఒక చెయ్యి బయటికీ, మనుషుల్ని పట్టుకోవడం వచ్చినవాళ్ళకి చొక్కా మడతపెట్టడం రాదా. నేను సంతకం పెడితే పక్కగదిలో బెంచీమీద కూర్చున్న ఆ పొడుగాయన్ని నాలుగింటికి బండెక్కించి కోర్టుకి తీసుకెళ్తారు, అక్కణ్ణుంచి జైలుకి. నా తమ్ముడు కనిపించకుండా పోయి ఇవాళ్టికి పన్నెండు రోజులు. వాణ్ణి ఏం చేశాడో పొడుగాయన ఇంతవరకు ఒప్పుకోలేదు.

నా చేతులు ఊరుకోవు. కలం పక్కనపెట్టి చొక్కా దులిపి, బోర్లా వేసి, చేతులు వెనక్కి వేసి మళ్ళీ మడతపెట్టడం మొదలుపెట్టాను, రైటరు కళ్ళజోడు పైనుంచి చూసి మళ్ళీ రాసుకున్నాడు. ఎన్ని చొక్కాలు మడతపెట్టి ఉంటాను వాడికి. అమ్మ పోయేనాటికి వాడికి తొమ్మిదేళ్ళు, నాకు పద్దెనిమిది, నాన్న అంతకుముందే లేడు, అమ్మ మిషనూ, అమ్మ కత్తెరా, వాడూ, మూడూ ఒక్కసారే నా చేతికొచ్చాయి. నా కొలతల పుస్తకంలో మొదటి పేజీ వాడిదే. ఏటా ఒకసారి గుమ్మం దగ్గర నిలబెట్టి టేపు చుట్టేదాన్ని, ఊపిరి బిగబట్టకురా చిన్నా అంటే ఇంకా బిగబట్టేవాడు, చక్కిలిగింతలు వాడికి. ఎదిగే పిల్లాడు కదా అని పక్కకుట్లలో లోపల అంగుళం గుడ్డ వదిలేదాన్ని, చేతుల్లో కఫ్ పైన ఇంకో మడత దాచేదాన్ని, ఒళ్ళు పెరిగితే విప్పి వదులు చెయ్యొచ్చని, చొక్కా రెండేళ్ళు రావాలని. వాడికి ముప్పై తొమ్మిది వచ్చినా నాకు ఆ అలవాటు పోలేదు. కళ్ళజోళ్ళ షాపులో రోజంతా అద్దాలు అరగదీసే మనిషి, చెవుల దగ్గర జుట్టు నెరిసిన మనిషి, వాడు ఇంకా ఎదుగుతాడన్నట్టు లోపల గుడ్డ వదులుతూనే ఉన్నాను. ఒకసారి చొక్కా తిరగేసి చూసి, "ఇంకా ఎంత పొడుగవుతానక్కా నేను" అన్నాడు. నవ్వుతూ అన్నాడనుకున్నాను.

ఆ గురువారం కూడా రోజూలాగే తొమ్మిదింటికి బయల్దేరాడు. నేను మిషను మీద ఉన్నాను, గుమ్మం వైపు వీపు, నోట్లో గుండుసూదులు, నలభై స్కూలు యూనిఫాంలు ఆ వారం ఇచ్చెయ్యాలి. వెళ్తున్నానక్కా అన్నాడు, ఊఁ అన్నాను, చెప్పుల చప్పుడు, గేటు చప్పుడు, అంతే. తల తిప్పలేదు. ఎందుకు తిప్పుతాను, రోజూ వెళ్ళేవాడే కదా, సాయంత్రం ఆరున్నరకి వచ్చేవాడే కదా. ఏడైనా రాలేదు, ఫోను చేస్తే ఆపేసి ఉంది, షాపు యజమానిని అడిగితే ఇవాళ పనిలోకే రాలేదమ్మా అన్నాడు. మర్నాడు పొద్దున్నే ఇదే బల్ల ముందు కూర్చుని ఈ రైటరుకే అన్నీ చెప్పాను. ఏం బట్టలు వేసుకున్నాడు అని అడిగితే ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. వాడికి చొక్కాలు పదకొండు, అన్నీ నేను కుట్టినవే, పది బీరువాలో హ్యాంగర్లకి వేలాడుతున్నాయి, కాబట్టి వాడి ఒంటిమీద ఉన్నది పదకొండోది. "మీరు కళ్ళారా చూశారా?" అన్నాడు. చూశానన్నాను. చూడలేదు, కాని చూడాల్సిన పనేముంది, పదకొండులోంచి పది తీసేస్తే మిగిలేది ఒకటేనని చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు.

ఇంట్లోంచి ఏమీ పోలేదని కూడా చెప్పాను, తువ్వాలు కూడా పోలేదు, షేవింగ్ బ్రష్ కూడా తడి ఆరి అక్కడే ఉంది. తనంతట తానే ఎక్కడికైనా వెళ్ళి ఉంటాడా అని ఇన్‌స్పెక్టరు అడిగాడు. "మా తమ్ముడు నాకు చెప్పకుండా మంచినీళ్ళు కూడా తాగడండి" అన్నాను. అప్పుడాయన, ఎవరిమీదైనా అనుమానం ఉందా అని అడిగాడు. ఉంది, ఎందుకు లేదు, నాలుగు నెలలనుంచీ ఉంది.

ఎదురింటి కిందగదిలోకి నాలుగు నెలల క్రితం ముగ్గురు మగాళ్ళు దిగారు, వీధి చివర కడుతున్న ఆస్పత్రి భవనంలో లిఫ్టులు బిగించే పనట. ఏ ఊరివాళ్ళో, ఏం భాషో, మామూలుగా మాట్లాడుకున్నా పోట్లాడుకుంటున్నట్టే ఉంటుంది, చేతులెప్పుడూ గ్రీజు, తలుపెప్పుడూ బార్లా తెరిచి ఉంటుంది, దాచుకునేది ఏమీ లేనట్టు, అదే నాకు అనుమానం. ముగ్గురిలో పెద్దవాడు ఈ పొడుగాయన, గుమ్మంలో తల వంచితే గాని లోపలికి వెళ్ళలేడు, భుజాలు పలకలా ఉంటాయి, చేతులు చూస్తే ఎవరో పట్టి లాగినట్టు, మణికట్లు ఎప్పుడూ చొక్కాలోంచి బయటికే. ఎవరు కనపడినా నేను ముందు కొలతలు చూస్తాను, మొహం తర్వాత చూస్తాను, మిషను మనిషిని కదా. వీళ్ళకి మా చిన్నా ఎక్కడ తగిలాడో, ఎలా తగిలాడో, కళ్ళలో ఇనుపరజను పడిందంటే చుక్కలమందు ఇచ్చాడట, మర్నాడు పనికి కళ్ళద్దాలు తెచ్చి ఇచ్చాడట, ఇంకేం, సాయంత్రం ఆరున్నరకి ఇంటికి రావాల్సినవాడు ఏడుకీ ఏడున్నరకీ వచ్చేవాడు, అక్కడ టీ తాగి. వాళ్ళ భాషలో నాలుగు ముక్కలు నేర్చుకున్నాడు. కిటికీలోంచి నాకు వాడి గొంతు వినిపించేది, ఆ గొంతు నాకు కొత్త, ఇంట్లో ఎప్పుడూ అంత గట్టిగా మాట్లాడింది లేదు. "ఎక్కడివాళ్ళో ఏమో, వాళ్ళతో నీకెందుకురా" అంటే "మంచివాళ్ళేనక్కా" అని చేతులు కడుక్కుని భోజనానికి కూర్చునేవాడు. నీకేం తెలుసు మంచివాళ్ళని, నీకు మనుషుల సంగతి ఏం తెలుసు, పుట్టి బుద్ధెరిగి నా కొంగు వదిలింది లేదు, అనేదాన్ని. మజ్జిగ కలుపుకునేవాడు.

నాలుగో రోజు పొద్దున కిటికీ తీశానో లేదో, ఎదురింటి వాళ్ళ తాడుమీద నా చొక్కా. కాళ్ళకి చెప్పులు కూడా లేకుండా మెట్లు దిగి పరిగెత్తాను, తాడుమీంచి లాగాను, చంక తిరగేసి చూశాను, నా కుట్టే, విప్పి మళ్ళీ కొత్త దారంతో వేసిన నా కుట్టే. అప్పుడు నేను పెట్టిన కేకకి వీధి వీధంతా పోగైంది. పొడుగాయన బయటికొచ్చి, పోగైన జనాన్నీ నన్నూ చూసి, చేతులు జోడించి నవ్వాడు. వాడి నవ్వు చూశారా, ఎంత ధైర్యమో చూశారా అన్నాను అందరితో. ఆ తర్వాత ఎవరు మొదట చెయ్యి చేసుకున్నారో నాకు తెలీదు, నేను మాత్రం కాదు, ఆపిందీ నేను కాదు. పోలీసులు వచ్చేసరికి అతని పెదవి చిట్లింది. మిగతా ఇద్దర్నీ రెండు రోజులు ప్రశ్నలడిగి వదిలేశారు, తాడుమీద చొక్కా ఆరేసింది తానేనని ఒప్పుకున్నాడని ఇతన్ని మాత్రం రోజూ పిలిపించి సాయంత్రం దాకా కూర్చోబెట్టారు, నిన్నటినుంచి ఇక్కడే ఉంచేశారు. నేను నిజం చెప్పాలంటే, ఎవరు వింటారు గనక, నా లోపల నేనే చెప్పుకుంటున్నాను, ఈ ఎనిమిది రోజులూ మా ఇల్లు ఎప్పుడూ లేనంత నిండుగా ఉంది. ముప్పై ఏళ్ళుగా జాకెట్టు కొలతలకి తప్ప గుమ్మం తొక్కని ఆడవాళ్ళు వచ్చి పక్కన కూర్చుంటున్నారు, ఒకావిడ కంచంలో పెట్టి తినమంటుంది, ఒకావిడ నా వీపు నిమురుతుంది, కన్నతల్లిలా పెంచావమ్మా, ఎవడి పాపాన పోయాడో అంటారు. ఎవడి పాపానో ఆ మనిషి దొరికాడు కాబట్టే వాళ్ళు నా పక్కన కూర్చున్నారు.

"విన్నారా అమ్మా" అన్నాడు రైటరు, రాస్తున్న కాగితం తిరగేస్తూ, కాలక్షేపానికి అన్నట్టు. "మొదటిరోజు వీడు ఏమన్నాడో తెలుసా. చొక్కా ఎక్కడిదిరా అంటే, మీ తమ్ముడు ఇచ్చాడన్నాడు. సరే, ఇలాంటివాళ్ళందరూ అదే అంటారు. మరి వాళ్ళక్కగారు ఇలా అంటున్నారేంటి అంటే, ఆ అమ్మగారే నాకోసం స్వయంగా కుట్టి పంపారు, కావాలంటే ఆవిణ్ణే అడగండి అన్నాడు. మేం ఒకటే నవ్వు. మీ తమ్ముణ్ణి బస్సు కూడా ఎక్కించాడట, ఎక్కడ దిగుతాడురా అంటే అది మాత్రం మీ తమ్ముడు చెప్పలేదంటాడు." తమ్ముడే ఇచ్చాడంటున్నాడని ఇన్‌స్పెక్టరు నాకూ చెప్పాడు, అప్పుడే, వాడు తన చొక్కా ఎవరికీ ఇవ్వడండి అని నేను కొట్టిపారేశాను. నేనే కుట్టి పంపానన్న మాట మాత్రం ఇప్పుడే వింటున్నాను. "మీరు కుట్టి పంపడమేంటమ్మా" అని రైటరు మళ్ళీ నవ్వి, నేనూ నవ్వుతానని నావైపు చూశాడు. నవ్వడానికి ప్రయత్నించాను. అంటే ఆ రోజు తాడు దగ్గర నన్ను చూసి చేతులు జోడించింది, అతను అనుకున్నది, ఈవిడే కదా నాకు చొక్కా కుట్టిచ్చిన అక్కగారు అని. లేదు, అబద్ధం, దొరికిపోయినవాళ్ళు నోటికొచ్చింది చెబుతారు.

చొక్కా మడత పూర్తికాలేదు. చేతులు వెనక్కి వేస్తే ఎప్పుడూ కఫ్ అంచు నడుము దగ్గరికి వస్తుంది, ఇది దాటి పోతోంది. మళ్ళీ వేశాను, మళ్ళీ దాటింది. కఫ్ పైన వేలు పెట్టి చూస్తే లోపల నేను దాచిన మడత లేదు, ఎందుకుంటుంది, విప్పింది నేనే కదా, అయిదు వారాల క్రితం. ఆ రోజు చిన్నా ఈ చొక్కా పట్టుకుని నా మిషను పక్కన నిలబడ్డాడు. "అక్కా, ఇది బిగుతైంది. పక్కలు పూర్తిగా వదులు చెయ్యి. చేతులు కూడా ఉన్నంత మేర పొడుగు చేసెయ్యి." ఒళ్ళొచ్చిందారా నీకు అని ఎంత సంబరపడ్డానో, నా వంట ఒంటికి పట్టిందని. టేపు తీస్తే "కొలతలెందుకక్కా, ఉన్నదంతా విప్పెయ్" అని వెనక్కి జరిగాడు. చేతులెందుకు పొట్టయ్యాయిరా అంటే "ఉతికితే కుదించుకుపోయిందేమో" అన్నాడు. కుదించుకుపోవడమేంటి, నేను గుడ్డ ఒక రాత్రంతా నీళ్ళలో నానబెట్టి ఆరేస్తే గాని కత్తెర పెట్టను, నా చేతిలో ఏ గుడ్డా కుదించుకుపోదు, అది నాకు తెలుసు, వాడికీ తెలుసు. అయినా కూర్చుని విప్పాను. ఎన్నేళ్ళయిందో వాడు నన్ను నోరు తెరిచి ఒకటి అడిగి, ఆ అడగడమే బాగుంది, ఇంకేం ఆలోచించలేదు. కొలతల పుస్తకంలో పదకొండేళ్ళుగా వాడి ఛాతీ ముప్పై ఆరే, బెల్టు కూడా ఎప్పుడూ అదే చిల్లు. పోనీ ఒళ్ళొచ్చిందనుకో, ముప్పై తొమ్మిదేళ్ళ మనిషికి చేతులు పొడుగవుతాయా.

వదులు చేశాక ఆ చొక్కా నేను ఇస్త్రీ చెయ్యలేదు. ప్రతి ఆదివారం వాడి బట్టలన్నీ నేనే ఇస్త్రీ చేస్తాను, మూడు ఆదివారాలు ఆ చొక్కా నా చేతికి రాలేదు. వాడి ఒంటిమీదా చూడలేదు. చూశానని చెప్పాను, రాయించాను, ఆ కాగితం కింద సంతకం కూడా పెట్టాను. ఇప్పుడు చంక దగ్గర వేళ్ళు పెట్టి చూస్తుంటే గుడ్డ కొంచెం సాగి ఉంది, పెద్ద భుజాలు తొడిగి తీసిన సాగుడు, మోచేతుల మడత ఎక్కడ పడాలో అక్కడ కాక రెండంగుళాలు కిందికి పడింది. ఒక మనిషి చాలాసార్లు ఇష్టంగా వేసుకున్న చొక్కా ఇది. దొంగిలించింది ఒంటికి ఇంత సరిగ్గా ఎలా సరిపోతుంది, అది కూడా నా చేత్తో సరిచేసింది. పనిమీద పెద్ద ఆఫీసుకి వెళ్ళాలంటే మంచి చొక్కా లేదనుకున్నాడేమో పొడుగాయన, చిన్నా విన్నాడేమో. అక్క కుట్టింది నీకోసం అని చెప్పి ఇచ్చాడు. నన్ను అడిగితే కుట్టనని తెలుసు, అందుకే నాకు చెప్పకుండా నాచేత ఒక మంచిపని చేయించాడు, దాన్ని నేను ఏం చేశానంటే, ఆ మనిషి పెదవి చిట్లేలా చేశాను.

అయితే మరి చిన్నా ఆ గురువారం ఏం వేసుకుని వెళ్ళాడు. నా పది చొక్కాలూ బీరువాలో ఉన్నాయి. పదకొండోది పొడుగాయన దగ్గర ఉంది. వాడు చొక్కా లేకుండా వీధిలోకి వెళ్ళడు కదా. అంటే వాడు ఒక చొక్కా కొనుక్కున్నాడు. నేను కుట్టనిది, నేను చూడనిది, నాకు తెలియకుండా దాచుకున్నది, ఇది పన్నెండు రోజుల్లో నా బుర్రకి తట్టనేలేదు, పోలీసులకైనా తట్టదా అంటే వాళ్ళకి చెప్పిందీ నేనే, మావాడు నేను కుట్టింది తప్ప వేసుకోడని. నా తువ్వాలు ముట్టుకోలేదు, నా దుప్పటి ముట్టుకోలేదు, ఏదీ పోలేదని ఎంత గట్టిగా చెప్పాను అందరికీ. పోలేదంటే వదిలేశాడని అర్థం. నా చెయ్యి తగిలినవన్నీ వదిలేసి వెళ్ళాడు.

పెళ్ళికి పిల్లల్ని చూశాను వాడికి, చూడలేదని ఎవరూ అనలేరు. ఒకమ్మాయికి నవ్వెక్కువ, ఒకమ్మాయి పెళ్ళిచూపుల్లోనే ఫ్యాను వెయ్యమంది, ఒకమ్మాయికి కుడిభుజం ఎడమభుజం కంటే అరంగుళం కింద, ఆ సంగతి వాళ్ళమ్మకి కూడా తెలీదు, నేను కనిపెట్టాను. ఆ అరంగుళం అమ్మాయి వాడికి నచ్చింది. చెప్పలేదు, నాకు తెలుసు, రెండు రోజులు భోజనం దగ్గర తల ఎత్తలేదు. జాకెట్టు కుట్టేటప్పుడు ఆ తేడా ఎవరికీ తెలీకుండా సరిచెయ్యడం నాకు చిటికెలో పని, అయినా దాన్నే వంకపెట్టాను. అది జరిగి తొమ్మిదేళ్ళు. ఎవరొచ్చినా నాకు బయటివాళ్ళే. వాణ్ణి నేను తప్ప ఎవరూ సరిగ్గా చూసుకోలేరనుకున్నాను, నిజానికి వాడు లేకపోతే నాకెవరూ లేరు, ఆ రెండో మాట పైకి చెప్పలేక మొదటిదే ముప్పై ఏళ్ళు చెప్పాను. కళ్ళు మండుతున్నాయి. చొక్కా తడిస్తే మరక పడుతుందని మొహం పక్కకి తిప్పుకున్నాను.

నాలుగుకి పది నిమిషాలుంది. బయట బండి వచ్చి ఆగిన చప్పుడు. ఇంకా సంతకం పెట్టలేదు. పెట్టేస్తే ఏమవుతుంది, నన్ను నేను అడుగుతున్నాను, సిగ్గులేకుండా అడుగుతున్నాను. పెట్టేస్తే నేను తమ్ముణ్ణి పోగొట్టుకున్న అక్కని. వాళ్ళు వెతుకుతూనే ఉంటారు, ఫొటో గోడలమీద ఉంటుంది, పక్కింటావిడ కంచం పట్టుకుని వస్తుంది. పెట్టకపోతే తమ్ముడు వదిలేసి పోయిన అక్కని. వదిలేసి పోయినవాణ్ణి ఎవరూ వెతకరు, గోడమీద ఫొటో తీసేస్తారు, ఆడవాళ్ళు రారు, వచ్చినా ఇప్పటి మొహాలతో రారు, ఏం బాధలు పెట్టిందో పాపం అంత మెత్తటివాడు ఇల్లు వదిలి పారిపోయాడు అనుకుంటూ వస్తారు. వాడు కావాలంటే రేపే తిరిగి రావచ్చు, వస్తే పొడుగాయన్ని ఎలాగూ వదిలేస్తారు, అందాకా కొన్నాళ్ళు లోపల ఉంటే ఏం పోయింది, అతనికి ఇక్కడ ఎవరున్నారు గనక అడగడానికి. ఈ ఆలోచన వచ్చింది నాకే. చొక్కా కుట్టేటప్పుడు సూది వేల్లో దిగినట్టు ఒక్కసారి ఉలిక్కిపడ్డాను. అడగడానికి ఎవరూ లేనివాళ్ళు ఎలా ఉంటారో నాకు తెలియదా, వాడు వెళ్ళిననాటినుంచి నేను ఉంటున్నది అలాగే కదా.

ఇన్‌స్పెక్టరు వచ్చి టోపీ బల్లమీద పెట్టి "అయిందా అమ్మా" అన్నాడు.

"అతన్ని ఒకసారి పిలిపించండి. ఈ చొక్కా తొడుక్కోమనండి" అన్నాను.

ఎందుకన్నాడు. చూస్తే మీకే తెలుస్తుందన్నాను. పొడుగాయన వచ్చాడు, పెదవిమీద పొక్కు కట్టింది, ఈసారి నవ్వలేదు, నావైపు చూడలేదు కూడా. చొక్కా తొడుక్కుని గుండీలు పెట్టుకున్నాడు. భుజాలు భుజాల దగ్గర కూర్చున్నాయి, కఫ్ మణికట్టు ఎముక మీద ఆగింది, ఇంతకంటే బాగా నేను ఎవరికీ కుట్టలేదు. "ఇది మా తమ్ముడికి సరిపోదండి" అన్నాను. "ఇతని కొలతకి నేనే కుట్టాను. ఎవరికోసమో తెలీకుండా కుట్టాను. మావాడు నాచేత కుట్టించి ఇతనికి ఇచ్చాడు. ఆ రోజు నేను చూశానని చెప్పింది కూడా నిజం కాదు, నేను తల తిప్పలేదు."

రైటరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"మిమ్మల్ని ఎవరైనా బెదిరించారా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"లేదండి."

"మరి మీ తమ్ముడు ఏమైనట్టు?"

"వెళ్ళిపోయాడు."

"మీకు చెప్పకుండా నీళ్ళు కూడా తాగడన్నారు."

"అన్నాను. నా దగ్గర ఉండలేక వెళ్ళిపోయాడండి."

ఆయన కోపంగా ఉన్నాడనుకున్నాను, కాని గొంతు మెత్తగానే ఉంది. "చూడండమ్మా, అంత పెద్దమనిషి తనంతట తాను వెళ్ళాడని మీరు రాసిస్తే ఇక మేం వెతకం. ఇవాళ్టితో ఫైలు మూసేస్తాం. తర్వాత మళ్ళీ వచ్చి వెతకమంటే కుదరదు. ఆలోచించుకుని రాయండి." కాగితం ఇచ్చాడు. నా చేతిరాత బాగుండదు, కొలతలు తప్ప ఏమీ రాసే అలవాటు లేదు. నాలుగు వాక్యాలు రాయడానికి చాలాసేపు పట్టింది. పెట్టాల్సిన చోట సంతకం పెట్టాను.

బయట మెట్లమీద పొడుగాయన తన చెప్పులు వేసుకుంటున్నాడు. బండి ఖాళీగా వెనక్కి తిరుగుతోంది. తప్పయిపోయింది నాయనా అన్నాను, మీరు అనాలో నువ్వు అనాలో తెలీక. పరవాలేదని అతను అనలేదు. అనాల్సిన అవసరమూ లేదు. "పని పోయింది అమ్మా. వాళ్ళిద్దర్నీ వేరే ఊరు పంపేశారు. నన్ను వద్దన్నారు" అన్నాడు, వచ్చీరాని మాటలు ఒక్కొక్కటే వెతుక్కుంటూ. నేను వచ్చి చెబుతాను మీ కంపెనీవాళ్ళకి, ఇప్పుడే వస్తాను అన్నాను. అతను సరేనన్నట్టు తలాడించాడు గాని నమ్మినట్టు లేదు. రేపు పొద్దున పదింటికి ఆస్పత్రి భవనం దగ్గరుంటానని రెండుసార్లు చెప్పాను. వెళ్ళబోతున్నవాణ్ణి ఆపి అడిగాను.

"బస్సెక్కేటప్పుడు మావాడు ఏం చొక్కా వేసుకున్నాడు?"

"కొత్తది అమ్మా. షాపులో కొన్నాడు. ఎర్రగళ్ళు." ఆగాడు, చెప్పాలా వద్దా అన్నట్టు. "సరిపోలేదు. ఇక్కడ భుజం కిందికి జారింది. మార్చి ఇంకొకటి తెచ్చుకో అన్నాను. వద్దన్నాడు, బాగుంది అన్నాడు. చాలా సంతోషంగా ఉన్నాడు అమ్మా." ఆ మాట నాకు ఓదార్పుగా ఉంటుందనుకుని చెప్పాడు.

"ఎంత జారింది?" అన్నాను.

అతను తన భుజంమీద చెయ్యి వేసి రెండు వేళ్ళు ఆనించి చూపించాడు. రెండు వేళ్ళంటే ఒకటిన్నర అంగుళం. చేతులు విప్పి, భుజం దగ్గర కత్తిరించి, మళ్ళీ అతికితే అరగంట పని. ఆ అరగంట పనికి వాడు ఇంక నా దగ్గరికి రాడు.